సముద్రపు నీలిమ యెక్కడిది?

సముద్రతీరమునకు బోయిన పిల్లలు నీళ్ళేల నీలముగా నున్నవని యడుగుట యెల్లరకును దెలిసినదే. ఆకాశము నీలము గదా, దాని నీడయే నీటిపై బడుచున్నదని పెద్దలు బదులు చెప్పి, చేయి పట్టుకొని యింటికి దీసికొని వత్తురు. ఇది మన యిండ్లలోని వృద్ధుల సమాధానము మాత్రమే కాదు. 1904లో నోబెల్ బహుమానము గొన్న ఆంగ్లశాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువును ఇదియే చెప్పియుండెను. అంతటివాడు చెప్పిన పిమ్మట నింక సందేహించువా డెవ్వడు? 1921లో ముప్పదిరెండేండ్ల భారతీయు డొకడు ఓడమీద నిలువబడి సందేహించెను. పిల్లలు పదేండ్లకే విడిచిపెట్టు ప్రశ్నను ఆ వయసున మరల నడుగగల్గుటయే చంద్రశేఖర వెంకటరామను జీవితమునందలి విశేషము.

ఆయన 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించెను. తండ్రి చంద్రశేఖరయ్యరు, తల్లి పార్వతియమ్మ. 1892లో తండ్రి విశాఖపట్టణమునందలి శ్రీమతి ఏ. వి. ఎన్. కళాశాలలో ఉపన్యాసకుడుగా కుదిరెను. కావున రామను జన్మముచే తమిళుడైనను, ఆయన బాల్యమంతయు గడచినది మన విశాఖ సముద్రపు టొడ్డుననే. ఇంట బిడ్డ లెనమండ్రు. వచ్చుబడి ఉపాధ్యాయుని జీతము. అయినను గ్రంథములకు గొదువ లేదు. తండ్రి గణితభౌతికశాస్త్రములు బోధించువాడు. తీరిక వేళల ఫిడేలు వాయించువాడు. ఈ రెండును కుమారుని కొక్కచోటనే లభించుట సామాన్యమైన అదృష్టము కాదు.

పదునొకండేండ్లకు మెట్రిక్యులేషను, పదుమూడేండ్లకు ఎఫ్. ఏ. పరీక్ష. ఇట్టి సంగతులను మనవారు మిక్కిలి మక్కువతో చెప్పుకొందురు. కాని పరీక్షలు చిన్నతనమున నెగ్గినవా రందరును శాస్త్రజ్ఞులు కాలేదు. వారిలో పెక్కురు దొరతనమువారి కచ్చేరీలలో కాగితములపై సంతకములు చేసి పింఛను పుచ్చుకొన్నారు. రామనును వేరుపరచినది ఆయన చదివిన మూడు పుస్తకములని చెప్పవచ్చును. తన మనసును దీర్చినవి యివియేయని ఆయనయే తరువాత వ్రాసికొనెను. ఒకటి బుద్ధదేవుని మహాభినిష్క్రమణమును వర్ణించు ఎడ్విన్ ఆర్నాల్డు కావ్యము. రెండవది యూక్లిడు రేఖాగణితము. మూడవది జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్జు నాదమును గూర్చి రచించిన మహాగ్రంథము. రాజ్యమును విడిచినవాని కథ, తప్పు దొరలని తర్కము, తీగ మ్రోగిన చెవి కింపేల కలుగునన్న విచారము - ఈ మూడును ఒక్క బాలుని తలలో జేరినవి. తండ్రి వాయించు ఫిడేలు అప్పటినుండి ఆ పిల్లవానికి పాట మాత్రమే కాదు, ప్రశ్న కూడ నయ్యెను.

1903లో చెన్నపట్టణమునందలి ప్రెసిడెన్సీ కళాశాలకు బోయెను. సన్నని దేహము, పొట్టి విగ్రహము, పదునాలుగేండ్ల వయసు. తరగతిలోని కెవరి పిల్లవాడో దారి తప్పి వచ్చెనని ఆచార్యుడు ఇలియట్టు తలంచెనట. 1904లో బి. ఏ. పరీక్షయందు ప్రథముడై భౌతికశాస్త్రమున బంగారు పతకము గొనెను. ఇంగ్లండునకు బంపవలెనని గురువులు తలపోసిరి గాని, ఆ చలి యీ పిల్లవాని ప్రాణము దీయునని దొరవైద్యుడు నిషేధించెను. నిషేధమేల మేలయ్యెనో ముందు దెలియును.

ఎమ్. ఏ. చదువునాడు గురువు లాతనిని తరగతులకు రమ్మని నిర్బంధింపక, ప్రయోగశాలలో నిష్టము వచ్చినట్లు మెలగనిచ్చిరి. ఒకనాడు పట్టకము కోణమును గొలుచుచుండగా, దాని ముఖముపై మిక్కిలి వాలుగా బడి మరలిన వెలుగులో చారలు గానవచ్చెను. చారలు రెండుప్రక్కల సమముగా లేవు. కొలువవలసినది కోణము, చారలు పాఠములో లేవు. ఇతరులు కోణము గొలిచి మార్కులు దెచ్చుకొందురు. ఈతడు చారలను బట్టుకొనెను. వ్రాసిన వ్యాసమును ఆచార్యుడు జోన్సు చేతి కిచ్చి, మాసములు గడచినను ఉలుకు పలుకు లేకుండుటచే, తానే నేరుగా లండనులోని ఫిలసాఫికల్ మ్యాగజీనునకు బంపెను. అది 1906 నవంబరులో అచ్చయ్యెను. రచయితకు పదునెనిమిదేండ్లు. పరిశోధన యనునది యెట్టిదో చూపగలవా డొక్కడును ఆ కళాశాలలో నప్పుడు లేడని మరువరాదు.

ఇట్టివానికి దేశమున జీవనోపాయ మేది? సర్కారు కొలువే. 1907లో ఆర్థికశాఖ పరీక్షలోను ప్రథముడై, లోకసుందరీదేవిని వివాహమాడి, ఆ జూను మాసమున కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా చేరెను. బంధువులు సంతోషించి యుందురు. అల్లుని కింతకంటె గావలసిన దేమి? శాస్త్ర మింతటితో సమాప్తమగుటకు నిజముగా నేమియు నడ్డు లేకుండెను.

అడ్డు పడినది ఒక బోర్డు. ట్రాము బండిలో కచ్చేరికి బోవుచు బౌబజారు వీథిలో భారతీయ విజ్ఞానాభివర్ధనీ సంఘమను పేరు చూచెను. ఆ సంఘమును 1876లో డాక్టరు మహేంద్రలాల్ సర్కారు స్థాపించెను. దొరతనమువారి దయకు కాచుకొనక స్వదేశీయుల విరాళములతోనే విజ్ఞానమందిరము గట్టవలెనని ఆయన పంతము. ఆ విరాళములు పట్టి కట్టిన ప్రయోగశాలకు విజయనగరము పేరు పెట్టిరి. ధనమిచ్చినవారు మన విజయనగర మహారాజావారు. విశాఖతీరమున పెరిగిన బాలుడు వంగదేశమునకు బోయి విజయనగరపు ధనముతో నిలిచిన శాలలో బనిచేసెనన్న మాట. అయితే మహేంద్రలాల్ 1904లో, పరికరములు వాడువా డెవడును రాలేదన్న దిగులుతోనే, మరణించెను. మూడేండ్లకు వచ్చి తలుపు తట్టినవాడు రామను. తలుపు దీసిన అశుతోష్ దే యను నౌకరు తరువాత నిరువదియైదేండ్లు ఆయనకు కుడిచేయిగా నుండెను.

తెల్లవారుజామున ఐదున్నరకు సంఘము. పదింటికి ముందు ఇంటికి వచ్చి భోజనము, కచ్చేరి. సాయంకాల మైదింటికి కచ్చేరినుండి తిన్నగా మరల సంఘము. రాత్రి తొమ్మిదిన్నర, పది. ఆదివార మంతయు నక్కడనే. రంగూనునకు, నాగపురమునకు బదిలీ చేసినప్పుడు ఇంటిలోనే పరికరములు పెట్టుకొనెను. పదేం డ్లిట్లు సాగెను. 1917లో సర్ ఆశుతోష్ ముఖర్జీ విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపదవికి బిలువగా, దాదాపు సగము జీతమునకు సర్కారు కొలువు విడిచెను. విదేశమున శిక్షణ పొందినవాడే యా పదవి కర్హుడను నియమ మొకటి యుండెను. దానికై సముద్రము దాటనని రామను నిరాకరింపగా నియమమే సడలెను. ఆర్నాల్డు కావ్యము వ్యర్థముగా జదువలేదు!

పిన్ననాటి ఫిడేలును ఆయన విడువలేదు. ఫిడేలుతీగపై కమాను చేయు పనిని ఏండ్ల తరబడి పరిశీలించెను. చర్మవాద్యములలో నాదము సాధారణముగా శ్రుతికి లొంగదు; మృదంగము, తబలా మాత్ర మేల లొంగినవి? నడుమ నద్దిన నల్లని ముద్ద చర్మమునకు బరువు గూర్చి, దాని కంపనములను తీగ కంపనముల వరుసకు దెచ్చుచున్నదని 1920లో నిరూపించెను. వీణ గుఱ్ఱపు నిర్మాణములోని రహస్యమును గూర్చియు వ్రాసెను. మన పూర్వులు చెవితో గనిపెట్టినదానికి లెక్కలతో సాక్ష్యము పలికినవా డాయన.

1921లో ఆక్స్‌ఫర్డులో జరిగిన విశ్వవిద్యాలయ మహాసభకు మొదటిసారి సముద్రము దాటెను. లండనులో సెయింటు పాలు దేవాలయపు గుమ్మటములో గుసగుస లేల చుట్టు దిరిగి వినవచ్చునో పరీక్షింపక విడువలేదు. తిరుగు ప్రయాణమున మధ్యధరా సముద్రపు గాఢనీలిమ కనులను బట్టెను. రేలీ చెప్పినట్లది ఆకాశపు నీడ యైనచో, నీడను తొలగించి చూడవలెను గదా! దాని కుపాయము జేబులోనే యున్నది. నీటిపై నొక నిర్ణీత కోణమున ప్రతిఫలించిన వెలుగును నికల్ పట్టకము అడ్డగింపగలదు. ఆయన యా పట్టకమును కంటికి బెట్టుకొని త్రిప్పెను. ఆకాశపు నీడ పోయెను. నీలిమ పోలేదు, మీదుమిక్కిలి చిక్కనయ్యెను. అనగా నీలిమ నీటిదే. నీటి యణువులు సూర్యకాంతిని చెదరగొట్టునప్పుడు నీలమును ఎక్కువగా చెదరగొట్టుచున్నవి. బొంబాయి రేవు చేరునప్పటికి లండనులోని నేచరు పత్రికకు లేఖ సిద్ధమయ్యెను. ఓడలో నెందరో ప్రయాణికు లుండిరి, సముద్ర మందరకును గనబడినదే.

అది మొదలు ద్రవములలో వెలుగు చెదరుటయే ఆయన ధ్యానము. కె. ఆర్. రామనాథన్, కె. ఎస్. కృష్ణన్ మొదలగు శిష్యులు ద్రవములను మాటిమాటికి శుద్ధిచేసి, ఏడంగుళముల దూరదర్శిని కటకముతో ఎండను గూర్చి, వానిపై ప్రసరింపజేసిరి. చెదరిన వెలుగులో బంపినదానికంటె వేరగు వర్ణపు లేశము కొంచెము గానవచ్చుచుండెను. మాలిన్యమేమో యని మొదట శంకించిరి. ఎంత శుద్ధిచేసినను పోదయ్యెను. 1928 ఫిబ్రవరి 28వ తేదీన తేలినది: అణువు తగిలిన వెలుగులో నొక స్వల్పాంశము తన శక్తిని కొంత అణువున కిచ్చియో, దానినుండి కొంత పుచ్చుకొనియో రంగు మార్చుకొనును. ఆ మార్పును బట్టి అణువు నిర్మాణమునే చదువవచ్చును. ఆ దినములలోనే మాస్కోలో లాండ్స్‌బర్గు, మాండెల్‌స్టాములు స్ఫటికములలో నిదే చూచిరని చెప్పుట న్యాయము. 1930లో నోబెల్ బహుమానము రామనునకే వచ్చెను. ప్రకటన వెలువడకమునుపే ఆయన ఓడలో చోటు కుదుర్చుకొనెనట! స్టాక్‌హోముసభలో తాను బ్రిటిషుజెండా క్రింద గూర్చుండవలసి వచ్చినందుకు ఆయన కంట నీరు పెట్టెను. ఆగిరిపల్లి వాస్తవ్యుడు సూరి భగవంతముగారు నిజాం కళాశాలనుండి నేరుగా రామను చెంత కేగి పనినేర్చి, 1932లో ఆంధ్రవిశ్వవిద్యాలయమున జేరిరి. గురువు పెరిగిన సముద్రపు టొడ్డున శిష్యుడు పాఠము చెప్పెను.

కీర్తితో పాటు కోపమును పెరిగెననుట కప్పిపుచ్చరాదు. 1933లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షుడైన యేడే, బొంబాయి విశ్వవిద్యాలయమున ప్రథమురాలైన కమలా భాగవతు ప్రవేశము కోరగా, స్త్రీ యగుటచే నిరాకరించెను. తాను పదునెనిమిదేండ్లనాడు జోన్సుగారి మౌనమున కెట్లు తలవంచలేదో, ఆమెయు నట్లే తల వంచలేదు. పట్టు విడువక నిలువగా ఏడాది పరీక్షకాలము విధించి చేర్చుకొనెను. ఏడాది గడచునప్పటికి మార్పు చెందినది రామనే. తరువాత స్త్రీల కా ద్వారము తెరచియుంచెను. ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము గొనెను. 1940లో అన్నా మణి వచ్చి రామను శాలలోనే వజ్రముల వెలుగును పరిశోధించెను. ఒక బాలిక జిజ్ఞాస ఆయన వాకిట నించుక తడవు నిలువవలసి వచ్చుట ఆ జీవితమున మాయని మచ్చ.

1948లో బెంగుళూరులో స్వంత పరిశోధనాలయము నెలకొల్పి, వజ్రములు, శంఖములు, పక్షిరెక్కలు, గులాబీలు పోగుచేసికొని వాని రంగుల రహస్యములను వెదకుచుండెను. 1968 డిసెంబరులో, ఎనుబదియేండ్ల వయసున, అహమ్మదాబాదు పాఠశాల పిల్లలకు ఆకాశ మేల నీలమో చెప్పెను. ఉత్తరము నందించుటకంటె ప్రశ్న నడిగించుటకే ఆ గంటను వెచ్చించెను. ఏటేట గాంధీజయంతినాడు ఉపన్యసించుట ఆయన వాడుక. 1970 అక్టోబరు 2వ తేదీన చివరిసారి మాటాడిన విషయము చెవి యెట్లు వినునని. హెల్మ్‌హోల్ట్జు గ్రంథమును బాల్యమున విప్పినవాడు ఎనుబదియొకటవ యేట ఇంకను దానితో వాదించుచునే యుండెను. ఏడు వారములకు, నవంబరు 21వ తేదీన, కన్ను మూసెను. కోరిక ప్రకారము తన యాలయపు తోటలోనే దహనము చేసిరి. అక్కడ సమాధి గట్టలేదు, చెట్టొకటి నాటిరి.