అమ్మ తర్వాత అమ్మ: హజ్రత్ ఉమ్మె ఐమన్ (రజి)

దైవప్రవక్త ముహమ్మద్ (స) బాల్యం గురించి మన మీలాద్ సభల్లో జరిగే ప్రసంగాల్లో హజ్రత్ హలీమా సాదియా (రజి) ప్రస్తావన తప్పకుండా వస్తుంది. ఎడారిలో పాలిచ్చి పెంచిన ఆ తల్లి కథ మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అయితే హలీమా ఇంటి నుంచి మక్కాకు తిరిగి వచ్చాక ఆ బాలుని చేయి పట్టుకుని నడిపించింది ఎవరు అని అడిగితే చాలామంది తడుముకుంటారు. ఆమె పేరు బరకా. ఉర్దూలో మనం నిత్యం వాడే బర్కత్ అన్న మాటే అది. చరిత్రలో ఆమె ఉమ్మె ఐమన్ (రజి)గా ప్రసిద్ధురాలు.

ఆమె హబషా దేశస్థురాలు. అంటే నేటి ఇథియోపియా ప్రాంతపు మనిషి. మక్కాలో ప్రవక్త (స) తండ్రిగారైన అబ్దుల్లా ఇంట బానిస. తన నేలకు, తన భాషకు, తనవారికి దూరమై బతుకుతున్న యువతి. అబ్దుల్లా వర్తక ప్రయాణంలో యస్రిబ్ పట్టణంలో కన్నుమూశారు. తర్వాతి కాలంలో మదీనాగా పేరు పొందిన ఊరు అదే. అప్పటికి ఆయన కుమారుడు ఇంకా తల్లి గర్భంలోనే ఉన్నారు. తండ్రి మిగిల్చి వెళ్ళిన ఆస్తి ఐదు ఒంటెలు, ఒక గొర్రెల మంద, ఈ బరకా. ఆనాటి లోకం ఆమెను కూడా ఒంటెలతో పాటే లెక్క కట్టింది. సుమారు 570లో పుట్టిన ఆ బిడ్డకు తండ్రి నుంచి సంక్రమించింది అంతే.

బాలునికి ఆరేళ్ళు వచ్చాక తల్లి ఆమినా ఆయన్ను వెంటబెట్టుకుని యస్రిబ్ బయలుదేరారు. అక్కడ తాత అబ్దుల్ ముత్తలిబ్‌కు తల్లి తరఫు బంధువులైన బనూ నజ్జార్ వారున్నారు. అబ్దుల్లా సమాధి కూడా అక్కడే ఉంది. రెండు ఒంటెలు, ముగ్గురు మనుషులు. ఆ మూడో మనిషి బరకా. అక్కడ ఓ నెల రోజులు గడిపారు. చుట్టాల పిల్లలతో ఆటలు, వారి బావిలో ఈత నేర్చుకోవడం, అన్నీ ఆ నెలలోనే. నలభై ఆరేళ్ళ తర్వాత, 622లో వలస వచ్చినప్పుడు ఆ ఇంటిని చూసి, తన తల్లి దిగిన చోటు ఇదేనని ఆయన గుర్తుపట్టి చెప్పారు. ఆరేళ్ళ వయసులో చూసిన ఇల్లు అంతకాలం మనసులో చెరగకుండా ఉందంటే, ఆ ప్రయాణం ఆ పసి హృదయంలో ఎంత లోతుగా నాటుకుందో మనం ఊహించుకోవచ్చు.

తిరుగు ప్రయాణంలో అబ్వా అనే చోట ఆమినా జబ్బు పడ్డారు. అక్కడే మరణించారు. అక్కడే ఖననం చేశారు. తండ్రిని కళ్ళారా చూడనే లేదు, కొన్నాళ్ళ కిందటే ఆయన సమాధి ఉన్న ఊరిలో గడిపి వచ్చారు. ఇప్పుడు తల్లిని కూడా మట్టిలో ఉంచడం చూస్తున్నారు. తాతయ్య ఎక్కడో మక్కాలో. ఆ నిర్జన ప్రదేశంలో ఆ పిల్లవానికి తెలిసిన ముఖం ఒక్కటే, అది బరకాది. ఆమెకు కూడా యజమానురాలు పోయింది, కాబట్టి ఆమెకూ ఆ క్షణాన దిక్కు లేదు. వచ్చిన రెండు ఒంటెల మీదే ఆమె ఆ బాలుణ్ణి క్షేమంగా మక్కా చేర్చింది. ఒకరు అనాథ, మరొకరు బానిస. వయసులో, జాతిలో, భాషలో ఏ పోలికా లేని ఈ ఇద్దరి మధ్య ఆ దారిలో బిగిసిన ముడి యాభై ఏళ్ళకు పైగా సడలలేదు.

మక్కాలో అబ్దుల్ ముత్తలిబ్ మనవడిని ప్రాణంగా చూసుకున్నారు. కాబా నీడలో తన కోసం పరిచే చాప మీద సొంత కొడుకులు కూడా కూర్చునేవారు కాదు, మనవడిని మాత్రం పక్కన కూర్చోబెట్టుకునేవారు. పిల్లవాడు ఆటల్లో పడి దూరం వెళ్ళినప్పుడు, వాణ్ణి కనిపెట్టుకుని ఉండమని బరకాను హెచ్చరించేవారు కూడా. రెండేళ్ళు తిరగకుండానే ఆ తాత కూడా వెళ్ళిపోయారు. ఎనిమిదేళ్ళ ప్రవక్త (స) తాతగారి జనాజా వెనుక ఏడుస్తూ నడవడం తాను చూశానని తర్వాతి కాలంలో లోకానికి చెప్పింది ఉమ్మె ఐమనే.

మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? మగపిల్లాడివి, ఏడవకూడదంటాం. లేదా జనాజా లేచే వేళకు పిల్లల్ని పక్కింటికి పంపేస్తాం. ఆ బాలుడు మాత్రం ఏడ్చారు. పెద్దయ్యాక కూడా ఆ కన్నీరు దాచుకోలేదు. తల్లి సమాధిని దర్శించినప్పుడు ఆయన ఏడ్చారని, చుట్టూ ఉన్నవారినీ ఏడిపించారని సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది.

తర్వాత పెదతండ్రి అబూ తాలిబ్ ఇల్లు. ప్రేమ పుష్కలం, సంపాదన తక్కువ, పిల్లలు ఎక్కువ. చిన్నప్పుడు ఆయన ఆకలని గానీ దాహమని గానీ ఫిర్యాదు చేయగా తాను చూడలేదని ఉమ్మె ఐమన్ చెప్పేవారు. పొద్దున్నే జమ్ జమ్ నీళ్ళు తాగి, అన్నం పెట్టబోతే కడుపు నిండిందనేవారట. దీన్ని మహిమగా చెప్పుకునేవారున్నారు. మాకు మాత్రం ఇందులో ఒక యతీమ్ బిడ్డ కనిపిస్తాడు. తాను ఎవరికీ భారం కాకూడదనే జాగ్రత్త అలాంటి బిడ్డకు చాలా చిన్న వయసులోనే వచ్చేస్తుంది. అది కనిపెట్టడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. ఆయనకు బరకా ఉన్నారు.

595లో హజ్రత్ ఖదీజా (రజి)తో వివాహం జరిగిన సందర్భంలో ఆయన బరకాకు బానిసత్వం నుంచి విముక్తి కలిగించారు. ఆమె ఉబైద్ బిన్ జైద్‌ను పెళ్ళాడారు, ఐమన్ పుట్టాడు. ఆ భర్త పోయాక జైద్ బిన్ హారిసా (రజి)తో నికాహ్ జరిగింది. జైద్ కూడా చిన్నతనంలో దోపిడీదారుల చేతికి చిక్కి, తల్లిదండ్రులకు దూరమై, సంతలో అమ్ముడుపోయిన వ్యక్తే. వారికి ఉసామా (రజి) పుట్టారు.

ఆమె తన తల్లి తర్వాత తల్లి అని ప్రవక్త (స) చెప్పేవారు. ఆమె కూడా తల్లిలాగే ప్రవర్తించేవారు. ఒకసారి ఆయన ఇంటికి వస్తే తాగడానికి ఏదో పాత్రలో తెచ్చి ఇచ్చారు. ఆయన వద్దన్నారు. అంతే, ఆమె గొంతు పెంచి కోప్పడ్డారు. హదీసు పాఠంలో ఈ చోటికి వచ్చినప్పుడల్లా మేము కాసేపు ఆగుతాం. అరేబియా అంతా ఎవరి మాటకు తలవంచిందో, ఆయన ఒక ముసలమ్మ చీవాట్లు తింటున్నారు!

మరోసారి ఖర్జూరపు చెట్ల వ్యవహారం. అన్సార్లు ఇచ్చిన చెట్లను ప్రవక్త (స) ఆమెకిచ్చారు. తర్వాత అవి తిరిగి ఇవ్వవలసి వచ్చింది. అడగడానికి వచ్చిన కుర్రవాడు అనస్ (రజి) మెడలో బట్ట వేసి పట్టుకుని, ఇచ్చేది లేదన్నారామె. ప్రవక్త (స) బదులుగా ఇంత ఇస్తాను, ఇంకా ఇస్తానని బతిమాలి, దాదాపు పది రెట్లు ఇచ్చి ఆమెను ఒప్పించారు.

ఆమెకు అరబ్బీ ఉచ్చారణ చివరి వరకూ సరిగా రాలేదు. సలాం చెప్పబోతే ఒక అక్షరం అటూఇటై అర్థం తిరగబడేది. ఆయన నవ్వుకోలేదు, వట్టి సలాం అంటే చాలునని అనుమతించారు. తెలుగు పల్లెల నుంచి వచ్చిన మన పిల్లలకు షీన్ ఖాఫ్ పలకడం రాదని ఎగతాళి చేసే పెద్దమనుషులకు ఈ ఘట్టం చదివి వినిపించాలి.

ఆమె 625లో ఉహద్ యుద్ధంలో క్షతగాత్రులకు నీళ్ళందించారు, ఖైబర్‌కూ వెళ్ళారు. 629లో మూతా యుద్ధంలో భర్త జైద్ అమరులయ్యారు. కొద్ది నెలలకే, 630లో, హునైన్‌లో పెద్దకొడుకు ఐమన్ నేలకొరిగాడు. 632లో, తాను ఎత్తుకుని పెంచిన ఆ బిడ్డ కూడా లోకం విడిచారు.

ప్రవక్త (స) ఆమెను చూడటానికి వెళ్తుండేవారు గదా, మనమూ వెళ్దామని హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి)ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళారు. వారిని చూడగానే ఆమె ఏడ్చారు. అల్లాహ్ దగ్గర ఆయనకున్నది ఇక్కడి కంటే మేలైనదని వారు ఓదార్చబోయారు. ఆ సంగతి తనకు తెలియక కాదని, ఆకాశం నుంచి వహీ రావడం ఆగిపోయినందుకు ఏడుస్తున్నానని ఆమె అన్నారు. ఓదార్చడానికి వచ్చిన ఆ ఇద్దరూ ఆమె పక్కన కూర్చుని ఏడవసాగారు.