చేతివృత్తులకు చేయూత: కమలాదేవి చటోపాధ్యాయ్

ఒకప్పుడు మచిలీపట్నం రేవు నుండి అద్దకపు వస్త్రాలు పారశీక, ఐరోపా దేశాలకు ఓడలలో తరలివెళ్లేవి. ఆ వస్త్రాల మీది ఆశతోనే 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు బందరులో వర్తక స్థావరాలు నెలకొల్పుకున్నారు. తరువాతి కాలంలో ఐరోపా మిల్లుల అచ్చు బట్టలు చవకగా వచ్చిపడ్డాయి. రసాయనిక ఎరుపు రంగు వచ్చాక, కృష్ణా తీరపు ఇసుక నేలలలో దొరికే చిరివేరును అడిగేవారు కరువయ్యారు. ఇరవయ్యో శతాబ్ది నడుమకు వచ్చేసరికి బందరు, పెడన ప్రాంతపు కలంకారీ కొన ఊపిరితో మిగిలింది. ఇటువంటి కళలెన్నింటికో తిరిగి ప్రాణం పోసిన మహిళ కమలాదేవి చటోపాధ్యాయ్.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగళూరులో జన్మించారు. ఏడేళ్ల ప్రాయంలోనే తండ్రి మరణించారు. వీలునామా లేకపోవడంతో ఆస్తి యావత్తూ సవతి సోదరునికి చెందింది. స్త్రీకి చట్టం ఏమి మిగిల్చిందో ఆమెకు అప్పుడే తెలిసివచ్చింది. పద్నాలుగేళ్లకు వివాహం, రెండేళ్లకే వైధవ్యం ప్రాప్తించాయి. అయినా మద్రాసులో చదువు కొనసాగించి, హైదరాబాదుకు చెందిన కవి, సరోజినీనాయుడు సోదరుడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయను పునర్వివాహం చేసుకున్నారు. ఆనాటి సంఘంలో అది సామాన్యమైన సాహసం కాదు.

1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో బొంబాయి వీధులలో ఉప్పు పొట్లాలు అమ్మి కారాగారానికి వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పదవుల వైపు చూడలేదు. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ స్థాపించి, దేశ విభజనలో సర్వస్వం కోల్పోయి వాయవ్య సరిహద్దు నుండి వచ్చిన వేలాది కాందిశీకులు ఫరీదాబాదులో నిలదొక్కుకొనుటకు తోడ్పడ్డారు.

1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడింది. దానికి అధ్యక్షురాలిగా ఆమె ఊరూరా తిరిగి కుమ్మరులను, నేతగాండ్రను, అద్దకం పనివారిని కలుసుకున్నారు. యంత్రయుగంలో చేతిపనులెందుకని పెదవి విరిచేవారు అప్పుడు ఎందరో ఉండేవారు. పనివానికి కూలి గిట్టకపోతే ఎంత గొప్ప కళ అయినా అతని కొడుకు చేతికి అందదని ఆమె గ్రహించారు. కలంకారీయే ఇందుకు నిదర్శనం. బట్టను కరక్కాయ కషాయంలోను, పాలలోను నానబెట్టాలి. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరబెట్టి నలుపు తీయాలి. చెక్కిన టేకు అచ్చులతో అద్ది, పటిక అద్దిన చోట చిరివేరుతో ఎరుపు పట్టేలా ఉడికించి, పారే కాలువ నీటిలో పలుమార్లు జాడించాలి. రోజుల తరబడి సాగే ఈ శ్రమ ఏ గ్రంథం చూసి నేర్చుకోదగినది కాదు. ఒక తరం మానుకుంటే ఆ విద్య అంతటితో సరి.

అందువల్లనే ఆమె శిక్షణ, విక్రయం, గౌరవం మూడింటినీ ఒక్కసారే తలపెట్టారు. 1957లో శ్రీకాళహస్తిలో కలంతో చిత్రించే కలంకారీకి శిక్షణ కేంద్రం ఏర్పడింది. బందరు అచ్చు అద్దకం తిరిగి కోలుకొనుటకు కూడా మండలి ప్రోత్సాహం తోడ్పడింది. ఢిల్లీలోని కాటేజ్ ఎంపోరియం వంటి అంగళ్లు పల్లెల వస్తువులను నగరవాసులకు చేరువ చేశాయి. 1965 నుండి ఉత్తమ కళాకారులకు జాతీయ పురస్కారాలు లభించాయి. అంతవరకు తన పేరు ఎవరికీ తెలియని పనివానికి అది చిన్న విషయం కాదు. ఆమెకు 1966లో మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ లభించాయి.

ఇంతతో కష్టాలన్నీ తీరాయనలేము. కలంకారీ నమూనాలనే స్క్రీన్ ముద్రణలో చవకగా దించి అమ్మేవారితో పెడన పనివారు నేటికీ పోటీపడవలసి వస్తున్నది. కమలాదేవి తన జీవితానుభవాలను 1986లో ఆంగ్లంలో గ్రంథస్థం చేసి, 1988 అక్టోబరు 29న బొంబాయిలో కన్నుమూశారు.