సాహసి చార్లెస్ రోల్స్

మేలైన వస్తువు తనంత తానే అమ్ముడుపోతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. కాని ఎవరూ ఎరుగని వస్తువు అంగడికి వచ్చినప్పుడు దాని మేలిమిని పదిమంది కళ్లెదుట నిరూపించేవాడొకడు కావాలి. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో మోటారు కారు అటువంటి కొత్త వస్తువు. దాని సత్తాను పందెపు బాటలో చాటి, ఒక పేరును ప్రపంచ ప్రసిద్ధం చేసిన సాహసి చార్లెస్ స్టీవార్ట్ రోల్స్.

రోల్స్ 1877 ఆగస్టు 27న లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ అలన్ రోల్స్ వేల్స్ ప్రాంతంలోని మన్మత్ సమీపాన గొప్ప భూస్వామి. తరువాత లాంగటక్ ప్రభువుగా బిరుదు పొందాడు. సంపన్న కుటుంబంలో పుట్టినా రోల్స్‌కు విలాసాల కంటె యంత్రాల మీదనే మక్కువ. ఈటన్ పాఠశాలలో చదివే రోజులలోనే చేతులకు నూనె మరకలతో కనిపించేవాడు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో యంత్రశాస్త్రం అభ్యసించి 1898లో పట్టభద్రుడయ్యాడు.

విద్యార్థిగా ఉండగానే, 1896లో పారిస్ వెళ్లి ప్యూజో కారు కొన్నాడు. అప్పటికి బ్రిటన్‌లో యంత్రపు బండ్లు గంటకు నాలుగు మైళ్లకు మించి పోరాదన్న చట్టం అమలులో ఉండేది. ఆ వేగంతో ఎర్రగుంట్లలో ఉదయం బయలుదేరినవాడు కడప చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. 1896 నవంబరులో ఆ పరిమితి పద్నాలుగు మైళ్లకు పెరిగింది. కారుకు దారి దొరికింది గాని, ఆదరణ దొరకలేదు. కారు కొనగలిగిన ధనవంతుల ఇళ్లలో మేలుజాతి గుర్రాలు, అలంకరించిన బగ్గీలు ఉండేవి. చప్పుడు చేస్తూ, పొగ కక్కుతూ, నడిదారిలో ఆగిపోయే బండిని నమ్మడానికి వారు సిద్ధంగా లేరు.

ఆ అపనమ్మకాన్ని పోగొట్టడానికి మోటారు ప్రియులు ఎన్నుకున్న మార్గం బహిరంగ పరీక్ష. 1900లో బ్రిటన్ ఆటోమొబైల్ క్లబ్బు వెయ్యి మైళ్ల యాత్రను నిర్వహించింది. కార్లు ఊరూరా తిరుగుతుంటే వాటిని ఎన్నడూ చూడని జనం దారికిరువైపులా చేరి చూశారు. ఆ యాత్రలో పన్హార్డ్ కారు నడిపిన రోల్స్ స్వర్ణ పతకం పొందాడు. గెలిచిన కారును గురించి జనం మాట్లాడుకుంటారనీ, ఆ మాటలే కొనుగోలుదారులను తెస్తాయనీ అతడు గ్రహించాడు.

తండ్రి ఇచ్చిన పెట్టుబడితో రోల్స్ లండన్‌లో కార్ల వ్యాపారం ప్రారంభించాడు. ఫ్రాన్సు, బెల్జియం దేశాల కార్లు తెప్పించి అమ్మేవాడు. వ్యాపారం సాగుతున్నా ఒక వెలితి అతనిని బాధించేది. విదేశీ కార్లకు దీటైన కారు స్వదేశంలో తయారు కాలేదన్నదే ఆ వెలితి.

మాంచెస్టరులో హెన్రీ రాయిస్ అనే ఇంజనీరు ఉన్నాడు. పేదరికంలో పుట్టి, బాల్యంలో వార్తాపత్రికలు అమ్మి, స్వయంకృషితో విద్యుత్ పరికరాల కర్మాగారం స్థాపించినవాడు. 1904లో అతడు రెండు సిలిండర్ల కారు నిర్మించాడు. అదే సంవత్సరం మే 4న మాంచెస్టరులోని మిడ్‌లాండ్ హోటలులో ఇద్దరూ కలుసుకున్నారు. ఆ కారు నెమ్మదనానికి, నిశ్శబ్దానికి రోల్స్ ముగ్ధుడయ్యాడు. రాయిస్ చేసే కార్లన్నింటినీ తానే అమ్ముతాననీ, వాటికి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టాలనీ ఒప్పందం కుదుర్చుకున్నాడు. ప్రభువు బిడ్డ, పేదవాని బిడ్డ కలిసి ఒకే పేరులో ఇమిడిపోయారు.

1905లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో టూరిస్ట్ ట్రోఫీ పందెం జరిగింది. వాడగలిగిన ఇంధనానికి హద్దు విధించిన పందెం అది. వేగంతో పాటు పొదుపు, దృఢత్వం కూడా అందులో పరీక్షకు వచ్చేవి. పందెం మొదలైన కొద్దిసేపటికే రోల్స్ కారు గేర్లు చెడి ఆగిపోయింది. అదే సంస్థ కారు నడిపిన పెర్సీ నార్తీ రెండవ స్థానంలో నిలిచి పరువు కాపాడాడు. రోల్స్ నిరుత్సాహపడలేదు. మరుసటి ఏడు అదే ద్వీపానికి వెళ్లి పందెం గెలిచాడు. ఆ ఏడాదే అమెరికాకు కార్లు తీసుకువెళ్లి, అక్కడా ఒక పందెం గెలిచి, కొత్త కొనుగోలుదారులను సంపాదించాడు.

పందెంలో గెలుపు గుమ్మం దాకా తీసుకువస్తుంది. కొన్నవాడిని నిలబెట్టేది పనితనం. ఈ సత్యం సంస్థ నిర్వాహకుడు క్లాడ్ జాన్సన్‌కు బాగా తెలుసు. 1907లో అతడు సిల్వర్ ఘోస్ట్ కారును పదిహేను వేల మైళ్లు నడిపించి, విడిభాగాలు ఊడదీయించి, క్లబ్బు అధికారుల చేత పరీక్ష చేయించాడు. అరుగుదల అత్యల్పమని తేలింది.

ఆ కీర్తి సముద్రాలు దాటి భారతదేశపు సంస్థానాలకు చేరింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సింహాసనం వంటి ఆసనం గల సిల్వర్ ఘోస్ట్ కారును చేయమని కోరాడు. అది వచ్చేలోగా, 1911లో ఆయన మరణించాడు. పసుపు రంగు గల ఆ కారు ఏడవ నిజాం కాలంలో ఉత్సవాలకు మాత్రమే బయటికి వచ్చేది. తరువాతి కాలంలో దానిని హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచారు.

కారు నిలదొక్కుకున్నాక రోల్స్ దృష్టి ఆకాశం మీదికి మళ్లింది. 1908లో ఫ్రాన్సులో విల్బర్ రైట్ విమానంలో ప్రయాణించాడు. 1910 జూన్ 2న ఇంగ్లీషు ఛానెల్‌ను ఎక్కడా దిగకుండా దాటి తిరిగివచ్చి, ఆ ఘనత సాధించిన మొదటి వైమానికుడయ్యాడు. జూలై 12న బోర్న్‌మత్‌లో జరిగిన ప్రదర్శనలో అతని విమానం తోక విరిగి నేలకూలింది. రోల్స్ అక్కడికక్కడే మరణించాడు. అప్పటికి అతని వయస్సు ముప్పది రెండేళ్లు మాత్రమే.

రోల్స్ నడచిన బాటలో నేటికీ పెద్ద సంస్థలు నడుస్తున్నాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెంలో జాగ్వార్, పోర్షె, మసెరాటి వంటి పేర్లు పోటీపడ్డాయి. విద్యుత్ కారు అంటే సందేహించే నేటి కొనుగోలుదారులకు దాని శక్తిని కళ్లెదుట చూపడమే వాటి ఉద్దేశం.

అయితే రోల్స్ జీవితం మరొక సంగతి కూడా చెబుతుంది. తాను అమ్మదలచిన కారును అతడు తానే నడిపాడు. ఓడినా మళ్లీ అదే కారుతో బరిలోకి దిగాడు. రాయిస్ ఓర్పు లేనిదే ఆ కారు లేదు. రోల్స్ సాహసం లేనిదే దానికి ఆ పేరు లేదు.