ఒత్తిడి గేజి నిర్మాత యూజీన్ బోర్డన్ (1808–1884)

విజ్ఞానశాస్త్ర చరిత్రలో కొందరి పేర్లు లోకమంతటా మారుమ్రోగుతుంటాయి. మరికొందరి పేర్లు వారు నిర్మించిన పరికరాలలోనే దాగి ఉంటాయి. బాయిలరు మీద, ఆక్సిజన్ సిలిండరు మీద, లారీ చోదకుని ఎదుటి పలక మీద కనిపించే ఒత్తిడి గేజిని మనమందరం చూచియున్నాము. దాని ముల్లును కదలించే వంపు గొట్టాన్ని లోకానికి ప్రసాదించిన ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ బోర్డన్‌ను స్మరించేవారు మాత్రం అరుదు. ఆ మహనీయుని జీవితాన్నీ, ఆయన పరికరం మోటారు ఇంజనుకు చేసే సేవనూ విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచినాము.

బోర్డన్ 1808 ఏప్రిల్ 8వ తేదీన పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి పట్టు వర్తకుడు. కుమారుడు కూడా ఆ వర్తకాన్నే కొనసాగించాలని ఆయన అభిలాష. యువకుడైన బోర్డన్ కొంతకాలం ఆ మార్గంలోనే నడిచాడు. కాని ఆయన మనస్సు యంత్రాలపైననే లగ్నమై ఉండేది. 1830లో తండ్రి గతించిన పిమ్మట తన అభిరుచికి తగిన వృత్తిని చేపట్టి, 1832లో సొంత కర్మశాలను నెలకొల్పాడు. లోపలి కదలికలు బయటికి కనిపించేటట్లు గాజు సిలిండర్లతో నమూనా ఆవిరి యంత్రాలను నిర్మించాడు. కంటికి కనిపించనిదానిని కనిపించేటట్లు చేయాలన్న తపన ఆయన తొలి కృషిలోనే మనకు గోచరిస్తుంది.

అది ఆవిరి యుగం. కర్మాగారాలు, నౌకలు, రైళ్లు ఆవిరి బలంతోనే నడిచేవి. బాయిలరులో ఒత్తిడి మితిమీరితే అది ప్రేలి పలువురి ప్రాణాలను బలిగొనేది. ఒత్తిడిని కొలవడానికి ఆనాడు ముఖ్యాధారం పాదరసం నింపిన గాజు గొట్టం. ఒక వాతావరణ పీడనానికి పాదరసం 760 మిల్లీమీటర్ల ఎత్తు లేస్తుంది. ఐదు రెట్ల ఒత్తిడిని కొలవాలంటే దాదాపు 3.8 మీటర్ల గొట్టం, అనగా రెండు నిలువుల కంటె ఎత్తైనది, కావలసివచ్చేది. కుదుపులతో పరుగెత్తే రైలింజనులో అంతటి గాజు గొట్టాన్ని నిలుపుట ఎట్లు సాధ్యం?

ఈ చిక్కుకు పరిష్కారం ఒక చెడిన వస్తువు నుండి లభించింది. బోర్డన్ కర్మశాలలో చుట్టలు చుట్టిన లోహపు గొట్టం ఒకటి తయారీలో నొక్కుకొనిపోయింది. దానిని మరల గుండ్రంగా చేయడానికి ఒక కొనను మూసి, రెండవ కొన నుండి పంపుతో నీటిని బలంగా ఎక్కించారు. గొట్టం ఉబ్బడంతోపాటు దాని చుట్ట కూడ విప్పుకొనసాగింది. మరొకరైతే పని జరిగినదని సంతోషించి ఊరకుండేవారు. బోర్డన్ మాత్రం ఆ కదలికలోని అంతరార్థాన్ని గ్రహించాడు. గొట్టం ఎంత విప్పుకొన్నదో తెలిసికొంటే లోపల ఎంత ఒత్తిడి ఉన్నదో తెలిసికొనవచ్చును. నొక్కినట్లున్న గొట్టాన్ని కొడవలి వలె వంచి, ఒక కొనను బిగించి, మూసిన రెండవ కొనకు ముల్లును తగిలించాడు. పాదరసంతో పనిలేని ఈ లోహపు గేజికి 1849లో పేటెంటు పొందాడు.

1851లో లండను మహా ప్రదర్శనలో ఈ గేజి విశేష గౌరవం పొందింది. ఆ సంవత్సరమే ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు ప్రదానం చేసింది. అయితే కీర్తి వెంట కష్టం కూడ వచ్చింది. ద్రవం లేని వాయుపీడన మాపకాన్ని 1844లో రూపొందించిన లూసియన్ విడీ, లోహపు సాగుగుణంతో ఒత్తిడిని కొలిచే పద్ధతి తనదేనని న్యాయస్థానానికెక్కాడు. ఏళ్ల తరబడి సాగిన ఆ వివాదం తుదకు విడీకి అనుకూలంగా ముగిసి, బోర్డన్ నష్టపరిహారం చెల్లించవలసివచ్చింది. ప్రతి నూతన కల్పన వెనుకా అంతకుముందు శ్రమించిన వారి భాగం ఉంటుందని ఈ ఉదంతం మనకు బోధిస్తున్నది.

ఆవిరి కోసం పుట్టిన ఈ గొట్టమే తరువాత మోటారు ఇంజనుకు రక్షకమైనది. ఇంజనులో క్రాంక్ షాఫ్టు బేరింగుల మధ్య పంపు ద్వారా వచ్చే నూనె పలుచని పొరగా నిలిచి, లోహం లోహానికి ఒరసికొనకుండా కాపాడుతుంది. ఆ పొర తెగితే స్వల్పకాలంలోనే బేరింగులు కాలిపోతాయి. అందుకే నూనె ఒత్తిడిపై నిఘా అవసరం. అనేక వాహనాలలో దీనికి ఉండేది ఒక ఎర్ర దీపం మాత్రమే. చదరపు అంగుళానికి ఒత్తిడి 10 పౌన్ల లోపుకు పడిపోయిన తరువాతనే సాధారణంగా అది వెలుగుతుంది. అప్పటికే హాని జరిగి ఉండవచ్చు. గేజి ముల్లు అయితే నానాటికీ తగ్గుతున్న ఒత్తిడిని ముందుగానే చూపుతుంది. దీపం జరిగిన కీడును తెలుపును. గేజి జరుగబోవు కీడును తెలుపును.

కనుక కొందరు చోదకులు విడిగా గేజిని కొని అమర్చుకొంటారు. దీపపు స్విచ్చి ఉన్న రంధ్రంలో మూడు దారుల జాయింటు బిగిస్తే దీపం, గేజి రెండూ పనిచేస్తాయి. బోర్డన్ గొట్టం గల గేజికి సన్నని గొట్టం ద్వారా ఇంజను నూనెయే వస్తుంది. ఆ గొట్టం పగిలితే వేడి నూనె చోదకునిపై చిమ్ముతుంది గనుక అది వేడి భాగాలకు, ఒరపిడికి దూరంగా ఉండాలి. విద్యుత్ గేజిలో ఒత్తిడిని సెన్సారు గ్రహించి తీగ ద్వారా తెలుపుతుంది. గేజికి సరిజోడైన సెన్సారునే వాడాలి. ఒకే తీగ గల సెన్సారు మరలకు టేపు దళసరిగా చుడితే ఇంజను లోహంతో విద్యుత్ సంబంధం చెడి ముల్లు తప్పు చూపును. చల్లని ఇంజనులో ఒత్తిడి హెచ్చుగా, వేడెక్కి నెమ్మదిగా తిరుగునపుడు తక్కువగా ఉండుట సహజం. నిమిషానికి ప్రతి 1000 చుట్లకు సుమారు 10 పౌన్లు ఉండాలని మెకానిక్కుల మోటు లెక్క. ముల్లు హఠాత్తుగా సున్నకు పడితే తక్షణం ఇంజను ఆపి నూనె మట్టం చూడాలి. ఇంజను విప్పడానికి ముందు మరొక మంచి గేజితో సరిచూచుకొనడం వివేకం.

బోర్డన్ 1872లో కర్మశాలను కుమారునికి అప్పగించాడు గాని ప్రయోగాలను మానలేదు. గాలి వేగాన్ని కొలిచే పరికరాన్ని పరీక్షించుచుండగా క్రిందపడి, ఆ కారణంగా 1884 సెప్టెంబరు 29వ తేదీన పారిస్‌లో కన్నుమూశాడు. డెబ్బది ఆరవ యేట కూడా ఆయన జిజ్ఞాస సడలలేదు.

నేడు ఎలక్ట్రానిక్ సెన్సార్లు వచ్చినా బోర్డన్ గొట్టం గేజులు ఇంకా వాడుకలోనే ఉన్నవి. విద్యార్థులమైన మనం ఆయన నుండి నేర్వదగినది ఒకటున్నది. చెడిపోయినదని పారవేయబోయే వస్తువును కూడా ఒక క్షణం పరిశీలించాలి. ప్రమాదం ముంచుకొని రాకముందే దాని సూచనను గమనించాలి. ఆ చిన్న ముల్లు ఎందరి ప్రాణాలను, ఎందరి జీవనోపాధిని కాపాడుతున్నదో తలచుకొన్నపుడు బోర్డన్ మహాశయునికి మనం ఋణపడియున్నామని తెలియగలదు.