హోప్‌వెల్ రైతు జాన్ హార్ట్



1776వ సంవత్సరమందు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద 56 మంది సంతకములు చేసిరి. వారిలో అనేకులు వకీళ్లు, వర్తకులు, పెద్ద చదువులు చదివినవారు. న్యూజెర్సీ తరపున సంతకము చేసిన అయిదుగురిలో జాన్ హార్ట్ అను నతడు రైతు. ఆయన శాసనసభలో బహుకాలము కూర్చుండెను గాని, ఆయన కథ ఎక్కువ భాగము ఆయన పొలములోనే జరిగినది. కావున ఆ పొలమును గూర్చియే ఎక్కువ వ్రాయదలచితిని.

జాన్ హార్ట్ 1713వ సంవత్సరము డిసెంబరు నెలలో, న్యూజెర్సీలోని మెయిడెన్‌హెడ్ అను ఊరి ప్రెస్బిటేరియన్ దేవాలయములో శిశువుగా బాప్తిస్మము పొందెను. తండ్రి ఎడ్వర్డ్ హార్ట్ కూడ రైతే. కుమారుడు చదువను, వ్రాయను, లెక్కలు కట్టను నేర్చుకొని నాగలి పట్టెను. 1740లో హోప్‌వెల్ అను ఊరిలో 193 ఎకరముల భూమి కొనెను. డెబోరా స్కడ్డర్ అను కన్యకను వివాహమాడెను. వారికి పదముగ్గురు బిడ్డలు కలిగిరి. ఏండ్లు గడచినకొలది భూమి ఆరువందల ఎకరములకు పైగా పెరిగెను. పిండిమరలో భాగము కూడ ఆయనకు కలదు.

ఆ ఊరిలో బాప్టిస్టులు కొందరుండిరి. దేవాలయము కట్టుకొనుటకు వారికి స్థలము లేదు. హార్ట్ వారి సంఘస్థుడు కాడు. శిశువులకు బాప్తిస్మమియ్యగూడదని వారి బోధ. ఈయనయో శిశువుగానే బాప్తిస్మము పొందినవాడు. అయినను 1747లో తన యింటి ముందరి పచ్చికబయలులో కొంత భాగము వారికి దానముగా నిచ్చెను. పశువుల మేతకును గడ్డికిని ఆధారమైన నేల అది. ఊరి చివరి చవిటిపర్ర కాదు. ఒక సంఘపువాడు మరియొక సంఘపు గుడికి తన వాకిటి నేల నిచ్చుట ఎంత అరుదో మన గ్రామములలోని వారికి నేను చెప్పనక్కరలేదు.

ఇచ్చట రెండవ సమూయేలు గ్రంథము చివరి అధ్యాయములోని అరౌనా జ్ఞాపకము వచ్చును. అతడు యెబూసీయుడు. దావీదు బలిపీఠము కట్టుటకు కళ్లము అడుగగా కళ్లమును, ఎడ్లను, నూర్చు కఱ్ఱసామానును కూడ ఇచ్చివేయుటకు సిద్ధపడెను. దావీదు వెల యిచ్చి కొనెను గాని, అరౌనా మనస్సు మాత్రము ఆ మాటలో తెలిసిపోయినది.

ఒక సంగతి దాచుట న్యాయము కాదు. ఆ కాలపు న్యూజెర్సీ భూస్వాములు అనేకులవలె హార్ట్ కూడ బానిసలను కలిగియుండెను. పొరుగువాని ఆరాధనకు చోటిచ్చిన ఆ చేలలోనే స్వేచ్ఛ లేని మనుష్యులు పనిచేసిరి. తన సంతకము క్రిందనున్న ప్రకటన వారికిని చెల్లునని ఆయన తలంచినట్లు కనబడదు. ఇది చిన్న లోపము కాదు.

1761 మొదలు పది సంవత్సరములు ఆయన కాలనీ శాసనసభలో సభ్యుడు; న్యాయాధిపతిగా కూడ పనిచేసెను. ఈ పదవులన్నిటిని వివరించుట యవసరము లేదు. 1776 జూన్ నెలలో ఆయనను ఫిలడెల్ఫియా కాంగ్రెసుకు పంపిరి. అప్పటికి అరువది యేండ్లు దాటినవి. ఆ సంతకము రాజద్రోహము. దానికి శిక్ష ఉరి. వర్తకుడు తన సరకును ఓడకెక్కించుకొని పోవచ్చును గాని, రైతు తన పొలమును చాపవలె చుట్టి చంకను పెట్టుకొని పోలేడు గదా.

ఆగస్టు నెలలో న్యూజెర్సీ క్రొత్త శాసనసభ ఆయనను తన అధ్యక్షునిగా ఎన్నుకొనెను. అక్టోబరు 8న భార్య డెబోరా మరణించెను. డిసెంబరులో రాజు సేనలు ఆ ప్రాంతమునకు వచ్చెను. హార్ట్ సోర్లాండ్ కొండలలో దాగుకొనెను. ఇంకను చిన్నవారైన బిడ్డలను బంధువులు చేర్చుకొనిరి. సైనికులు పొలమును దోచి పాడుచేసిరి. మరణశయ్య మీదనున్న భార్యను విడిచి ఆయన పారిపోయెననియు, ఏడాదికి పైగా గుహలలో తిరిగెననియు కొందరు వ్రాసిరి. అది సరికాదు. భార్య అంతకు రెండు నెలల ముందే సమాధి చేయబడెను. డిసెంబరు 26న ట్రెంటన్‌లోను, 1777 జనవరి 3న ప్రిన్స్‌టన్‌లోను వాషింగ్టన్ జయము పొందిన తరువాత ఆయన యింటికి తిరిగి రాగలిగెను. దుఃఖము ఆరని యింటి యజమానుడు చలికాలమున కొండలు పట్టిపోవుట చాలదా? దానికి అదనముగా కథ కల్పించుట యెందుకు?

తిరిగి వచ్చి పాడైన చేలను బాగుచేసికొనెను. 1778 జూన్ 22న వాషింగ్టన్ సైన్యము ఆ దారిన వచ్చుచుండగా, తన పొలములో దిగుడని హార్ట్ తానే పిలిచెను. సుమారు 12,000 మంది సైనికులు! అది పైరు పెరుగు కాలము. అంతమంది మనుష్యులును, వారి గుఱ్ఱములును, బండ్లును రెండు రాత్రులు దిగిన చేను ఎట్లుండునో రైతులకు తెలియును. మొదట శత్రువులు తొక్కిన నేల. ఈసారి తానే గట్టు తెరచి తొక్కనిచ్చెను. 24న సైన్యము సాగిపోయెను. 28న మాన్‌మత్‌లో యుద్ధము జరిగెను.

ఆ సంవత్సరము చివర హార్ట్ జబ్బుపడి సభకు వెళ్లలేకపోయెను. మూత్రపిండములలో రాళ్లవలన మిక్కిలి బాధపడి 1779 మే 11న మరణించెను. ఆయనకు అప్పులుండెను. యుద్ధకాలమందు కాగితపు డబ్బు విలువ పడిపోయినందున ఆస్తి స్వల్పమైన ధరకు అమ్ముడుపోయెను.

మొదట ఆయనను హంట్ కుటుంబపు సమాధుల తోటలో పాతిపెట్టిరి. 1865లో ఆయన యెముకలను అక్కడనుండి తీసి, బాప్టిస్టుల దేవాలయపు ఆవరణములో తిరిగి సమాధి చేసిరి. ఆ జూలై 4న గవర్నరు జోయెల్ పార్కర్ వచ్చి అచ్చట స్తంభమును ప్రతిష్ఠించెను. అది 1747లో ఆయన తన పచ్చికబయలునుండి ఇచ్చిన స్థలమే.