స్టేషన్‌లో మూటలు మోసి, సముద్రాలు ఈదిన మిహిర్ సేన్

కువైట్ సాల్మియా బీచ్‌లో శుక్రవారాలు తెల్లవారుజామునే మేం నలుగురం దూరం ఈత ప్రాక్టీసు చేస్తున్నాం. అందరం సైట్ పనివాళ్లమే. ఒడ్డు వెంబడి కిలోమీటరు దాటేసరికి భుజాలు పట్టేస్తాయి, ఇక మావల్ల కాదనిపిస్తుంది. అప్పుడు మేం తలచుకునే మనిషి మిహిర్ సేన్.

ఆయన 1930లో పురూలియాలో పుట్టారు. తండ్రి డాక్టరే అయినా ఇంట్లో డబ్బుకు కటకటే. తల్లి పాలు, గుడ్లు అమ్మి సంసారం నడిపారు. ఒడిశాలో లా చదివాక బారిస్టర్ కావాలని లండన్ బయల్దేరితే బిజూ పట్నాయక్ సాయం చేశారు. చేతిలో ఉన్నవి పది పౌండ్లు. మనలో చాలామందిమి ఇంచుమించు అలాగే విమానం ఎక్కాం కదా! అక్కడ రాత్రిళ్లు రైల్వే స్టేషన్‌లో పోర్టర్‌గా పనిచేశారు.

1950లో ఇంగ్లిష్ ఛానల్ ఈదిన అమెరికా మహిళ ఫ్లోరెన్స్ చాడ్విక్ గురించి పేపర్లో చదివి ఆయనకూ పట్టుదల వచ్చింది. వచ్చిన ఈతేమో అంతంతమాత్రం! వైఎంసీఏలో చేరి మొదట్నుంచి నేర్చుకున్నారు. 36 ఏళ్లకు నీళ్లలో దిగి సిగ్గుపడుతున్న మా నాలుగో మిత్రుడికి ఈ సంగతే చెప్పాం.

ఛానల్ దగ్గరి దారిలో సుమారు 33 కిలోమీటర్లు. ఆటుపోట్లు పక్కకు లాగేస్తాయి కాబట్టి ఈదేది ఇంకా ఎక్కువే. పక్కనే పడవ వస్తుంది, తిండి అందిస్తారు, కానీ పడవను పట్టుకుంటే ఈత రద్దు. ఇక్కడ ఆగస్టులో సముద్రం కాగిన నీళ్లలా ఉంటుంది, అక్కడ ఎండాకాలంలోనూ వణుకే. చాలాసార్లు ఓడిపోయి వెనక్కి వచ్చారు. చివరికి 1958 సెప్టెంబర్ 27న 14 గంటల 45 నిమిషాల్లో దాటారు. ఛానల్ ఈదిన మొదటి భారతీయుడు ఆయనే.

1966లో ఒక్క ఏడాదిలోనే పాక్ జలసంధి, జిబ్రాల్టర్, డార్డనెల్స్, బాస్ఫరస్, పనామా కాలువ ఈదేశారు. శ్రీలంక నుంచి ధనుష్కోడి వైపు, సొరచేపలు, పాములు తిరిగే పాక్ జలసంధిలోనే 25 గంటలపైన ఉన్నారు. మన నేవీ ఓడలు తోడుగా వెళ్లాయి. 1967లో పద్మభూషణ్ ఇచ్చారు.

తర్వాత కోల్‌కతాలో ఆయన ఎగుమతి వ్యాపారం దెబ్బతింది. మతిమరుపు జబ్బుతో, చేతిలో డబ్బులేక చాలా అవస్థపడి 1997 జూన్ 11న కన్నుమూశారు. ఆ సంగతి తెలిసిన శుక్రవారం మేం నీళ్లలో దిగలేదు. ఒడ్డున టీ తాగి రూముకొచ్చేశాం.