ఐజాక్ న్యూటను

మాఘమాసమున భీష్మైకాదశీపర్వమునకు అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథోత్సవము జరుగును. రథమునకు కట్టిన మోకులను వందలమంది పట్టి లాగుదురు. మొదట రథము కదలనే కదలదు. అందఱును ఒక్కపెట్టున లాగినపుడు చక్రము మెల్లగా దొర్లును; పిదప వేగము హెచ్చును. హెచ్చిన వేగమును ఆపవలెనన్నను శ్రమపడవలసినదే. పాత రథము 2020 సెప్టెంబరులో దగ్ధము కాగా, 2021 ఫిబ్రవరిలో క్రొత్త రథముతో ఉత్సవము జరిగినది. రథము మారినను లాగువారి శ్రమ మారలేదు. ఇంత బరువైన వస్తువును ఇంత బలముతో లాగినచో దాని వేగము ఎంత త్వరగా పెరుగును? ఈ ప్రశ్నకు లెక్క కట్టి సమాధానము చెప్పిన మహనీయుని చరిత్రము ఇది.

ఇంగ్లండు దేశమున లింకనుషైరు మండలమందు వూల్సుథార్పు అను చిన్నపల్లె కలదు. అచ్చటి ఒక వ్యవసాయకుటుంబమున 1642వ సంవత్సరము క్రిస్మసు పండుగనాడు ఐజాక్ న్యూటను జన్మించెను. నేడు మనము వాడుచున్న క్యాలెండరు ప్రకారము అది 1643 జనవరి 4వ తేదీ. తండ్రి అంతకు మూడు మాసములు ముందే గతించెను. శిశువు నెలలు నిండక పుట్టి మిక్కిలి చిన్నదిగా నుండుటచే బ్రతుకునని ఎవరును తలంపలేదు. బాలునకు మూడేండ్లు నిండినపిమ్మట తల్లి హన్నా ఒక మతాచార్యుని వివాహమాడి, కుమారుని అమ్మమ్మకడ విడిచి వేఱొక యూరికి తరలిపోయెను. ఆమె మరల వితంతువై 1653లో తిరిగి వచ్చుసరికి బాలునకు పదియేండ్లు దాటెను. తల్లి యుండియు లేని ఆ యేండ్ల వెలితి ఆతని స్వభావమున తుదివఱకు నిలిచిపోయెనని చరిత్రకారులు తలంతురు.

గ్రాంథము పట్టణమందలి పాఠశాలలో చదువుకొనుటకై ఐజాక్ ఒక ఔషధవిక్రేత యింట బసచేసెను. తోడిబాలురు ఆటలాడుకొను వేళలలో ఆతడు రంపము, సుత్తి చేతబట్టి చిన్న గాలిమరను, నీటిగడియారమును నిర్మించుచుండెను. కాగితపుదీపములు కట్టి రాత్రివేళ గాలిపటముల నెగురవేసి పల్లెవారిని బెదరగొట్టెనట! 1658 సెప్టెంబరులో ఇంగ్లండున పెనుగాలి వీచెను. కోనసీమ బాలబాలికలకు పెనుగాలి యనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. 1996 నవంబరు 6వ తేదీ తుఫానునకు మన కొబ్బరితోట లెట్లు నేలమట్టమైనవో పెద్దల నడిగిన చెప్పుదురు. ఆ గాలిలో ఐజాక్ ఏమిచేసెనో వినుడు. మొదట గాలివాలున దుమికెను, తరువాత గాలి కెదురుగా దుమికెను. దుమికిన దూరములను కొలిచి, గాలిలేని దినమున దుమికిన దూరముతో పోల్చి, ఆ గాలి బలమును అంచనా కట్టెను. బలమును కంటితో చూడజాలము. అది కలిగించు మార్పును మాత్రము కొలువవచ్చును. పదునైదేండ్ల బాలుడు ఆటలో పట్టుకొన్న ఈ కిటుకే తరువాత శాస్త్రమైనది.

ఇంతలో చదువునకు విఘ్నము కలిగెను. కుమారుడు పెద్దవాడయ్యెను, ఇక సేద్యము చూచుకొనవలెనని తల్లి ఆతనిని ఇంటికి పిలిపించెను. ఐజాక్‌కు సేద్యమున మనసు నిలువలేదు. గొఱ్ఱెలను మేతకు తోలి తాను చెట్టుక్రింద పుస్తకము చదువుకొనుచుండ, అవి పొరుగువారి పొలమున పడెడివి. 1659లో గొఱ్ఱెలు, పందులు చేసిన నష్టమునకు గ్రామన్యాయస్థానమువారు ఆతనికి జరిమానా విధించిరి. ఆ కాగితము నేటికిని ఉన్నది. అప్పుడు పాఠశాల ప్రధానోపాధ్యాయుడైన హెన్రీ స్టోక్సు, మేనమామ విలియం ఐస్కఫు పూనుకొని తల్లికి నచ్చజెప్పిరి. పొరుగూరి బాలురు చెల్లింపవలసిన 40 షిల్లింగుల రుసుమును తాను తీసికొననని స్టోక్సు మాట యిచ్చెను. ఆమె ఎట్టకేలకు సమ్మతించెను. సమ్మతింపక యున్నచో లింకనుషైరున ఇంకొక చేతకాని రైతు మాత్రము మిగిలియుండును. ఉపాధ్యాయవృత్తిలో నా జీవితము గడచినది కనుక, ఈ కథలో స్టోక్సు పేరు విడిచిపోవుటకు నాకు మనసొప్పదు.

1661లో న్యూటను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందలి ట్రినిటీ కళాశాలలో చేరెను. తల్లి సంపన్నురాలే యైనను ధనము చాలినంత పంపలేదు. ధనవంతులైన విద్యార్థులకు పరిచర్యలు చేయుచు ఆతడు చదువుకొనవలసి వచ్చెను. 1665లో పట్టా పొందిన కొలదికాలమునకే ప్లేగు వ్యాపించి విశ్వవిద్యాలయము మూతపడెను. న్యూటను స్వగ్రామము చేరెను. 1667 వఱకు సాగిన ఈ యేకాంతవాసముననే కాంతిని గూర్చియు, గణితమును గూర్చియు, చంద్రుని గమనమును గూర్చియు ఆతని ప్రధానభావములు మొలకెత్తినవి. తోటలో ఆపిలు పండు రాలుట చూచి ఆలోచించితినని వృద్ధాప్యమున ఆయనయే మిత్రునకు చెప్పెను. అది తలపై పడెననుట మాత్రము కట్టుకథ.

1669లో ఇరువదియాఱేండ్ల వయసుననే ఆయన కేంబ్రిడ్జిలో గణితాచార్యుడయ్యెను. ఆయన పాఠములకు వచ్చువారు కొద్దిమంది. అర్థము చేసికొనువారు అంతకన్న కొద్దిమంది. గొప్ప విద్వాంసు లందఱును గొప్ప బోధకులు కారు. 1672లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా గైకొనెను. కాంతిని గూర్చి తాను వ్రాసిన వ్యాసమును రాబర్టు హుక్కు అను శాస్త్రజ్ఞుడు విమర్శింపగా, న్యూటను అలిగి చాలకాలము తన పరిశోధనలను బయటపెట్టుట మానుకొనెను. ఇట్లు పండ్రెండేండ్లు గడచినవి.

1684 ఆగస్టులో ఎడ్మండు హేలీ అను యువ ఖగోళవేత్త కేంబ్రిడ్జికి వచ్చెను. సూర్యుని ఆకర్షణ దూరవర్గమునకు విలోమముగా తగ్గుచున్నచో గ్రహము ఏ దారిని తిరుగునని ఆతడు ప్రశ్నించెను. దీర్ఘవృత్తముననని న్యూటను వెంటనే చెప్పెను. లెక్క చూపుమనగా ఆ కాగితము కనబడలేదు! మరల చేసి పంపెదనని మాట యిచ్చి, నవంబరునాటికి చిన్న వ్యాసమును పంపెను. హేలీ దాని విలువ గుర్తించి వదలక వెంటబడెను. న్యూటను నిద్రాహారములు మఱచి రెండేండ్లకు పైగా శ్రమించి ఆ వ్యాసమును మహాగ్రంథముగా పెంచెను. అచ్చువేయుటకు రాయల్ సొసైటీవద్ద ధనము లేదు. చేపలను గూర్చిన యొక పెద్దపుస్తకము ముద్రించి వారు చేతులు కాల్చుకొనియుండిరి. హేలీ ధనికుడు కాకున్నను తన సొంతసొమ్ము వెచ్చించెను. 1687 జూలైలో 'ప్రిన్సిపియా' వెలువడెను.

ఆ గ్రంథారంభమున మూడు గమనసూత్రములు కలవు. రెండవ సూత్రమును కొంచెము నిదానముగా చూతము. వస్తువుపై బలము పనిచేసినపుడు దాని చలనము ఆ బలమున కనుగుణముగా, ఆ బలము పనిచేయు దిక్కుననే మారును. వేగము మారు రేటునకు త్వరణమని పేరు. బలము ద్రవ్యరాశి, త్వరణముల లబ్ధమునకు సమానమని మీరు తరగతిలో చదువుకొను రూపమును తరువాతి శతాబ్దమున ఆయిలరు అను గణితజ్ఞుడు కల్పించెను. ఒక కిలోగ్రాము ద్రవ్యరాశికి, సెకను సెకనునకు వేగమును సెకనుకొక మీటరు చొప్పున పెంచు బలమునకు 1948లో న్యూటను పేరే పెట్టబడెను.

మన కాలువలలో నొక పడవ కలదనుకొనుడు. ఖాళీగా నున్నపుడు దాని ద్రవ్యరాశి 200 కిలోగ్రాములు. నీటి నిరోధమును లెక్కలోనికి తీసికొనక 100 న్యూటనుల బలముతో లాగినచో, సెకను సెకనునకు దాని వేగము సెకనుకు అరమీటరు చొప్పున పెరుగును. అదే పడవలో 800 కిలోగ్రాముల కొబ్బరికాయలు నింపినచో మొత్తము 1000 కిలోగ్రాములగును. అప్పుడు అంతే బలమునకు వేగము సెకను సెకనునకు సెకనుకు పదియవవంతు మీటరు మాత్రమే పెరుగును. ద్రవ్యరాశి అయిదురెట్లాయెను, త్వరణము అయిదవవంతాయెను. మొదటి త్వరణమే కావలెనన్నచో అయిదురెట్ల బలము కావలయును.

అట్లైన చెట్టునుండి ఒక్కసారి రాలిన పెద్దకాయయు, పిందెయు ఇంచుమించు ఒకేసారి నేల చేరుటేల? పెద్దకాయను భూమి ఎక్కువ బలముతో లాగును. కాని దానిని కదల్చుటకు కావలసిన బలమును అదే పాళ్లలో ఎక్కువ. కనుక రెండింటి త్వరణమును ఒక్కటే. దీనిని న్యూటను ఊహతో సరిపెట్టుకొనలేదు. సమానమైన రెండు కొయ్యపెట్టెలను 11 అడుగుల దారములకు లోలకములుగా వ్రేలాడదీసెను. ఒకదానిలో కొయ్యను నింపి, రెండవదానిలో అంతే బరువుగల బంగారమును ఉంచి ఊపెను. పిదప బంగారమునకు మాఱుగా వెండి, సీసము, గాజు, ఇసుక, ఉప్పు, నీరు, గోధుమలు ఉంచి చూచెను. లోలకములు రెండును చాలసేపు జతగానే ఊగినవి. బంగారమునకును గోధుమలకును ఒకటే న్యాయము!

మన రాష్ట్రపు శ్రీహరికోటనుండి 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసికొనిపోయిన రాకెట్టు సుమారు 640 టన్నులు. ఇంధనము మండినకొలది దాని ద్రవ్యరాశి తఱిగి, అదే బలమునకు త్వరణము హెచ్చుచుండును. ఆ లెక్కకు మూలము ఈ సూత్రమే.

ఇంత మేధావికి ఉదారత మాత్రము కొఱవడెను. ఆకర్షణసిద్ధాంతమున తనకును పాలు కలదని హుక్కు అనగా, గ్రంథమునుండి ఆతని ప్రస్తావనలు కొన్నింటిని న్యూటను కొట్టివేసెను. కలనగణితమును తాను ముందు కనుగొంటినా, జర్మనీ పండితుడు లైబ్నిజు ముందు కనుగొనెనా యను వివాదమున, నిష్పాక్షికమని చెప్పబడిన విచారణనివేదికను తానే వ్రాసెను. దీనిని సమర్థింపజాలము.

1696లో ఆయన లండను నాణెముల ముద్రణాలయమున అధికారియై దొంగనాణెములు చేయువారిని పట్టించెను. 1703లో రాయల్ సొసైటీ అధ్యక్షుడై తుదివఱకు ఆ పదవిలో నుండెను. 1705లో ఆనీ రాణి ఆయనకు సర్ బిరుదము నిచ్చెను. ఆయన వివాహమాడలేదు. 1727 మార్చిలో ఎనుబదినాలుగేండ్ల వయసున లండనులో మరణించెను. రాజులను పాతిపెట్టు వెస్టుమినిస్టరు దేవాలయమున ఆయనకు అంత్యక్రియలు జరిపిరి. ఆయన తండ్రికి తన పేరు వ్రాయుటయు తెలియదు. అట్టి రైతు కుమారుని శవపేటిక వెంట ఇద్దఱు డ్యూకులు, ముగ్గురు ఎర్లు, దేశపు ప్రధానన్యాయాధికారి నడచిరి.